మింటికి కావలి కాయించిన మేధావి - ఫ్రెడ్ విప్పుల్

సంధ్యాకాంతి పూర్తిగా అణగిపోయి, నక్షత్రాలు ఒకటొకటిగా వెలుగుతున్న వేళ ఆకాశం వంక కొంతసేపు తదేకంగా చూచినవారికి ఒక వింత గోచరిస్తుంది. ఒక చుక్క తన స్థానాన్ని విడిచి, చప్పుడు లేకుండా, మిణుకుమనకుండా, తిన్నగా సాగిపోతుంది. విమానానికుండే ఎర్ర దీపం గాని, పచ్చ దీపం గాని దానికి ఉండవు. నాలుగైదు నిమిషాలలో ఆకాశాన్ని దాటి, కొన్నిసార్లు నడిమింటనే మాయమవుతుంది. అది మానవుడు నిర్మించి పంపిన కృత్రిమోపగ్రహం. నేలమీద చీకటి పడినా, వందల కిలోమీటర్ల ఎత్తున సంచరించే ఆ లోహపు పెట్టెమీద ఇంకా ఎండ కాస్తూనే ఉంటుంది. ఆ ఎండయే మనకు చుక్కగా కనిపిస్తుంది. భూమి నీడలోకి ప్రవేశించగానే ఆ వెలుగు ఆరిపోతుంది. అందుచేతనే ఉపగ్రహ దర్శనానికి సాయంసంధ్య దాటిన గంట రెండు గంటలు, వేకువకు ముందటి గంట రెండు గంటలు అనువైన కాలం.

ఈ చూపు కేవలం వినోదం కాదనీ, గడియారాన్నీ కంటినీ జతచేస్తే ఒక సామాన్యుడి చూపు కూడా శాస్త్రానికి విలువైన కొలత కాగలదనీ ప్రపంచానికి నిరూపించిన మహనీయుడు ఫ్రెడ్ లారెన్స్ విప్పుల్. తోకచుక్కల స్వరూపాన్ని వివరించిన శాస్త్రజ్ఞుడుగా ఆయన పేరు పాఠ్యగ్రంథాలకెక్కింది. కాని దుకాణదారులను, గృహిణులను, పాఠశాల విద్యార్థులను ఆకాశపు కావలివారుగా నిలబెట్టిన ఆయన సాహసం విద్యార్థిలోకానికి అంతగా తెలియదు.

బాల్యము, విద్య

విప్పుల్ 1906 నవంబరు 5వ తేదీన అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని అయోవా రాష్ట్రంలో, రెడ్ ఓక్ అనే చిన్న ఊరిలో ఒక రైతు కుటుంబాన జన్మించారు. బాల్యంలోనే పోలియో వ్యాధి ఆయనను పీడించింది. టెన్నిస్ క్రీడలో మేటి కావాలన్న ఆయన ఆశ ఆ వ్యాధి కారణంగా నెరవేరలేదు. ఆయనకు పదిహేనేళ్ళ ప్రాయంలో కుటుంబం కాలిఫోర్నియాకు తరలిపోయింది. లాస్ ఏంజెలిస్ నగరంలోని విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రం అభ్యసించి 1927లో పట్టభద్రులైనారు. చదువు ముగిసే సమయానికి ఆయన మనస్సు గణితం నుండి ఖగోళశాస్త్రం వైపు మళ్ళింది.

బర్కిలీ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థిగా ఉన్న కాలంలో, 1930లో ప్లూటో కనుగొనబడింది. నాడు తొమ్మిదవ గ్రహంగా భావింపబడిన ఆ గోళపు కక్ష్యను తొలుదొలుత గణించిన వారిలో విప్పుల్, ఆయన సహచరుడు ఎర్నెస్ట్ బోవర్ ఉన్నారు. కొద్దిపాటి స్థాన పరిశీలనల నుండి ఒక గోళం నడిచే దారినంతటినీ గణించి చెప్పవచ్చునన్న సత్యం ఆ యువకుడికి అప్పుడే అనుభవంలోకి వచ్చింది. ఆయన తరువాతి జీవితమంతటికీ అదే పునాది.

1931లో డాక్టరేటు పట్టం పొంది, ఆ ఏడే హార్వర్డ్ విశ్వవిద్యాలయపు వేధశాలలో చేరారు. అక్కడ రాత్రివేళల తీసిన ఆకాశపు ఛాయాచిత్ర ఫలకాలను భూతద్దంతో పరీక్షించి, అవి సరిగా వచ్చాయో లేదో చూడడం ఆయన విధులలో ఒకటి. ఇతరులకు విసుగు పుట్టించే ఆ పనిని ఆయన శ్రద్ధగా చేశారు. వేలాది ఫలకాలను పరీక్షించే క్రమంలో ఆయనకు ఆరు కొత్త తోకచుక్కలు దొరికాయి. ఒక చిన్న గ్రహశకలాన్ని కూడా కనుగొని, దానికి తన తల్లి పేరు కలిసివచ్చేటట్లు సెలెస్టియా అని నామకరణం చేశారు.

ఉల్కల వేట

మిన్ను విరిగి పడినట్లు మెరిసి మాయమయ్యే ఉల్కలు ఎక్కడినుండి వస్తాయి? సూర్యకుటుంబానికి వెలుపలి నుండి వస్తాయని ఆ రోజుల్లో పలువురు భావించేవారు. ఈ వివాదాన్ని తేల్చడానికి విప్పుల్ 1936 ప్రాంతంలో ఒక సులువైన ఉపాయం పన్నారు. అనేక కిలోమీటర్ల ఎడంలో రెండు కెమెరాలను నిలిపి, రెండింటితోనూ ఆకాశంలోని ఒకే భాగాన్ని చిత్రించారు. ప్రతి కెమెరా ముందు విద్యుత్తుతో తిరిగే రెక్కలను అమర్చారు. అవి నిర్ణీత వ్యవధిలో కాంతిని అడ్డగించడం వల్ల ఉల్క గీసిన వెలుగుగీత చుక్కచుక్కలుగా తెగి ఫలకంమీద పడేది. రెండు చోట్ల నుండి తీసిన చిత్రాలను పోల్చితే ఉల్క ఎత్తు తెలుస్తుంది. తెగిన ముక్కల మధ్య దూరాన్ని కొలిస్తే వేగం తెలుస్తుంది. ఎత్తు, వేగం, దిశ తెలిస్తే అది వచ్చిన దారి తెలుస్తుంది.

ఫలితం స్పష్టంగా వచ్చింది. మనకు కనబడే ఉల్కలు సూర్యకుటుంబానికి చెందినవే. వాటిలో అధికభాగం తోకచుక్కలు రాల్చిన ధూళి. వృషభరాశి నుండి వెలువడినట్లు తోచే ఉల్కలకు, ఎంకే తోకచుక్కకు గల బాంధవ్యాన్ని ఆయన 1940లో నిరూపించారు. కెమెరా, తిరిగే రెక్క, నమ్మదగిన గడియారం - ఈ మూడింటితో ఎంత దూరపు సంగతినైనా కొలవవచ్చునని ఆయన గ్రహించారు. ఈ పద్ధతియే ఇరవై ఏళ్ళ తరువాత ఉపగ్రహాల విషయంలో అక్కరకు వచ్చింది.

రెండవ ప్రపంచ సంగ్రామ కాలంలో శత్రువుల రాడారును భ్రమింపజేసేందుకు విమానాల నుండి వెదజల్లే సన్నని అల్యూమినియం రేకుల తయారీకి ఆయన తోడ్పడ్డారు. యుద్ధానంతరం, ఉపగ్రహాలన్న మాట ఇంకా ఊహల్లోనే ఉండగా, అంతరిక్ష నౌకలను సూక్ష్మమైన ఉల్కాకణాల తాకిడి నుండి కాపాడే ఉపాయాన్ని సూచించారు. నౌక గోడకు కొంత ఎడంగా పలుచని లోహపు రేకును నిలిపితే, దానికి తగిలిన కణం అక్కడే పొడిపొడియై, లోపలి గోడకు హాని తగ్గుతుంది. నేటి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి రక్షణగా ఉన్నది ఈ సూత్రమే. దానిని విప్పుల్ కవచమని పిలుస్తారు. 1950లో ఆయన తోకచుక్క కేంద్రం ఇసుకరేణువుల గుంపు కాదనీ, ధూళి కలిసిన మంచుగడ్డ అనీ ప్రతిపాదించారు. 1986లో ఐరోపా వారి జొట్టో నౌక హేలీ తోకచుక్క చెంతకు వెళ్ళి తీసిన చిత్రాలు ఈ ప్రతిపాదనను బలపరచాయి.

సామాన్యులమీద నమ్మకం

1955లో విప్పుల్ స్మిత్సోనియన్ ఖగోళభౌతిక వేధశాలకు అధిపతియైనారు. ఆ సంస్థను వాషింగ్టన్ నుండి హార్వర్డ్ ఉన్న కేంబ్రిడ్జి నగరానికి తరలించారు. 1957 జూలై నుండి 1958 డిసెంబరు వరకు అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంగా పాటించాలనీ, ఆ కాలంలో కృత్రిమోపగ్రహాలను ప్రయోగించాలనీ అప్పటికే నిర్ణయం జరిగింది. పైకి పంపడం ఒక ఎత్తు. పంపినదానిని మళ్ళీ కనిపెట్టడం మరొక ఎత్తు. అది ఎక్కడున్నదో తెలియకపోతే పంపిన ప్రయోజనం నెరవేరదు.

ఉపగ్రహాలను కంటితోను, కెమెరాతోను వెన్నాడే బాధ్యత విప్పుల్ వహించారు. ఇందుకోసం జేమ్స్ బేకర్, జోసెఫ్ నన్ అనే ఇద్దరు నిపుణులు ఒక మహా కెమెరాను రూపొందించారు. దాని ద్వారం 20 అంగుళాల వెడల్పు. సుమారు మూడు టన్నుల బరువుగల ఆ యంత్రం ఉపగ్రహంతో సమానంగా కదులుతూ, పొడవాటి ఫిల్ము చుట్టమీద దాని చిత్రాలను వరుసగా తీయగలదు. ప్రతి చిత్రంమీద కాలం కూడా నమోదవుతుంది. ఇటువంటి 12 కెమెరాలను ప్రపంచమంతటా నెలకొల్పాలని సంకల్పించారు.

అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఎంత గొప్ప కెమెరాకైనా ఆకాశంలో ఏ వైపు చూడాలో ముందుగా తెలియాలి. కొత్తగా పైకి పోయిన ఉపగ్రహపు దారి ఎవరికీ తెలియదు. ఆ మొదటి జాడ పట్టేదెవరు? విప్పుల్ దృష్టి ఔత్సాహికులవైపు మళ్ళింది. జీతం లేకుండా, కేవలం ఆసక్తితో రాత్రులు మేలుకొనే జనం దేశదేశాల్లో ఉన్నారు. వారిని బృందాలుగా కూర్చి, ఒక పద్ధతి నేర్పితే ఈ పని నెరవేరుతుందని ఆయన తలచారు. ఆ రోజుల్లో ఉపగ్రహాన్ని కృత్రిమ చంద్రుడని కూడా వ్యవహరించేవారు. అందుచేత ఈ ఉద్యమానికి మూన్‌వాచ్, అనగా చంద్రుని కావలి, అని పేరు వచ్చింది.

ఈ ఆలోచనను శంకించినవారు లేకపోలేదు. శిక్షణలేని జనం పక్షినో విమానాన్నో చూచి ఉపగ్రహమని చెబుతారనీ, వారి లెక్కలు గందరగోళానికి దారితీస్తాయనీ కొందరు పండితులు భావించారు. విప్పుల్ తమ పట్టు విడువలేదు. తప్పు చేయడానికి వీలులేని రీతిలో పద్ధతిని ఏర్పరచడమే అందుకు ఆయన ఎంచుకున్న మార్గం.

ఆ పద్ధతి చూడండి. ఉత్తర దక్షిణాలుగా ఒక వరుసలో చిన్న దూరదర్శినులను పేర్చి, ఒక్కొక్కదాని వద్ద ఒక పరిశీలకుని కూర్చుండబెడతారు. ఒక్కొక్కరికి ఆకాశంలో ఒక్కొక్క తునక అప్పగింపబడుతుంది. పక్కపక్క తునకలు కొంచెం ఒకదానిమీద ఒకటి పడేటట్లు అమర్చడం వల్ల మధ్యలో సందు ఉండదు. ఉత్తర దక్షిణ రేఖను సూచించడానికి నడుమ ఒక ఎత్తయిన స్తంభం, దానికొక అడ్డదూలం. ఉపగ్రహం ఏ తునకలో ఆ రేఖను దాటినా అక్కడి పరిశీలకుడు తక్షణం సంకేతమిస్తాడు. రేడియోలో వినవచ్చే కాల సంకేతాలతో పాటు ఆ శబ్దం కూడా టేపుమీద నమోదవుతుంది. బృంద నాయకుడు ఆ వివరాలను కేంబ్రిడ్జికి అందజేస్తాడు. అక్కడి గణకయంత్రం కక్ష్యను లెక్కకట్టి, కెమెరాలు ఏ క్షణాన ఏ దిక్కు చూడాలో తెలుపుతుంది.

కాలాన్ని గూర్చి ఇంత పట్టుదల ఎందుకన్న ప్రశ్న రావచ్చు. భూమికి చేరువగా తిరిగే ఉపగ్రహం సెకనుకు 7 కిలోమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. పరిశీలకుడు ఒక్క సెకను ఏమరితే లెక్కలో ఏడెనిమిది కిలోమీటర్ల తేడా వస్తుంది. కాబట్టి చూచిన చూపు కన్న చూచిన క్షణం ముఖ్యం.

దూరదర్శినుల ఖర్చును చాలావరకు సభ్యులే భరించారు. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, గృహిణులు, పాఠశాల బాలబాలికలు, విశ్రాంతి పొందిన వృద్ధులు ఇందులో చేరారు. విమానం వెనుక చిన్న దీపాన్ని తాడుతో కట్టి లాగిస్తూ, దానినే ఉపగ్రహంగా భావించి అభ్యాసం చేశారు.

పరీక్షా సమయం

1957 అక్టోబరు 4వ తేదీన సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించింది. 58 సెంటీమీటర్ల వ్యాసం, 83.6 కిలోగ్రాముల బరువుగల ఆ గోళం 96 నిమిషాలకొకసారి భూమిని చుట్టిరాసాగింది. అమెరికా ప్రభుత్వం ఎంతో వ్యయంతో సిద్ధం చేసిన రేడియో కేంద్రాలు 108 మెగాసైకిళ్ళ సంకేతాలను వినడానికి అమర్చబడ్డాయి. స్పుత్నిక్ 20, 40 మెగాసైకిళ్ళమీద పలుకుతున్నది. మహా కెమెరాలు ఇంకా తమ స్థానాలకు చేరలేదు. గొప్ప యంత్రాలన్నీ ఇట్లు తడబడిన ఆ వారంలో సిద్ధంగా ఉన్నవారు ఔత్సాహికులే.

నాలుగైదు రోజుల్లోనే ఆస్ట్రేలియాలోని బృందాలు తొలి పరిశీలనలను పంపాయి. అక్టోబరు 10న అమెరికాలోని న్యూ హేవెన్ బృందం కూడా చూడగలిగింది. వారిలో పెక్కుమందికి కనిపించినది స్పుత్నిక్ గోళం కాదు, దానివెంట కక్ష్యలో తిరుగుతున్న పెద్ద రాకెట్ భాగం. అయినా కక్ష్యను గణించడానికి ఆ పరిశీలనలు ఉపకరించాయి. అక్టోబరు 17న కాలిఫోర్నియాలో పరీక్షార్థం నిలిపిన మొదటి మహా కెమెరా ఆ రాకెట్‌ను ఫిల్ముమీద బంధించింది. నలభై ఎనిమిదేళ్ళు దాటిన విప్పుల్ నమ్మకం, యాభై ఒకటవ ఏట ఆయన కళ్ళెదుటనే ఇట్లు రుజువైంది.

1962లో మరొక సంఘటన జరిగింది. 1960లో ప్రయోగించిన స్పుత్నిక్-4 దిశ తప్పి కక్ష్యలోనే ఉండిపోయింది. అది ఎప్పుడు కిందికి దిగుతుందో ఔత్సాహికులు గమనిస్తూ వచ్చారు. సెప్టెంబరు 5వ తేదీ వేకువన అది విస్కాన్సిన్ రాష్ట్రం మీదుగా మండుతూ ముక్కలవుతుండగా మిల్వాకీ నగరపు మూన్‌వాచ్ బృందం చూచింది. సుమారు 9 కిలోగ్రాముల లోహపు ముక్క మానిటోవాక్ అనే పట్టణంలో నడివీధిన పడి దొరికింది. ఆకాశంలోని వస్తువు నేలకు రాలే దాకా దానిమీద కన్ను వేసి ఉంచిన ఘనత ఆ సామాన్యులదే.

షీరాజ్ నుండి నైనీతాల్ దాకా

పన్నెండు కెమెరాలు క్రమంగా పన్నెండు చోట్ల నెలకొన్నాయి. దక్షిణాఫ్రికా, జపాను, స్పెయిన్, పెరూ, హవాయి మొదలైన తావులతోపాటు, సాదీ, హాఫిజ్ మహాకవుల జన్మస్థలమైన ఇరాను దేశపు షీరాజ్ నగరం కూడా అందులో ఒకటి. భారతదేశానికి లభించిన కెమెరా హిమాలయ పాదాల చెంత నైనీతాల్‌లోని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ వేధశాలలో నిలిచింది. ఆ వేధశాలకు నాటి అధిపతి డాక్టర్ వేణు బాప్పు. ఆయన మన హైదరాబాదులో పెరిగినవారు.

బాప్పు తండ్రి నిజామియా వేధశాలలో ఉద్యోగి. నక్షత్రశాస్త్రంమీద మక్కువతో స్వయంగా దూరదర్శినిని తెప్పించుకొన్న నవాబ్ జఫర్ జంగ్ 1901లో ఫిసల్‌బండలో నెలకొల్పిన వేధశాల అది. వారి అనంతరం ప్రభుత్వం దానిని స్వీకరించి బేగంపేటకు తరలించింది. అక్కడ లక్షలాది నక్షత్రాల స్థానాలను ఛాయాచిత్రాల ద్వారా నిర్ణయించి అంతర్జాతీయ పట్టికకు అందజేశారు. ఆ ఆవరణలో ఆడుకొన్న బాలుడు నిజాం కళాశాలలో చదివి, విద్యార్థి దశలోనే ఔత్సాహికునిగా నక్షత్రాలను పరిశీలించి, హైదరాబాదు ప్రభుత్వ విద్యార్థి వేతనంతో హార్వర్డ్ చేరారు. 1949లో అక్కడ ఒక ఛాయాచిత్ర ఫలకంమీద కొత్త తోకచుక్కను కనుగొన్నారు. బాప్పు, బాక్, న్యూకిర్క్ అనే ముగ్గురి పేర్లతో అది ప్రసిద్ధమైంది. 1949 నుండి ఆ విశ్వవిద్యాలయ ఖగోళశాస్త్ర శాఖకు అధ్యక్షులుగా ఉన్నవారు విప్పుల్. ఫలకాలలో తోకచుక్కలను వెదకిన ఆచార్యుడు, ఆ శాఖలోనే తోకచుక్కను కనుగొన్న శిష్యతరం, వారి మధ్య ఒక సముద్రాన్ని దాటి వచ్చిన కెమెరా - ఈ కలయిక ఎంత ముచ్చటైనది!

ఈ కెమెరాలు, మూన్‌వాచ్ బృందాలు ఏళ్ళ తరబడి సేకరించిన కొలతల వలన రెండు గొప్ప ప్రయోజనాలు సిద్ధించాయి. ఉపగ్రహాల వేగంలో వచ్చే స్వల్ప మార్పులను బట్టి, భూమి పైపొరల వాయుమండలం సూర్యుని ఉద్రేకాన్ని అనుసరించి ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుందని లూయిగి జాకియా మొదలైనవారు తేల్చారు. కక్ష్యలోని ఒడుదుడుకులను బట్టి భూమి యొక్క ఆకృతిని, గురుత్వాకర్షణలోని హెచ్చుతగ్గులను మునుపెన్నడూ లేనంత నిశితంగా గణించారు. ఆకాశంలో కదిలిన చుక్కను చూచి కాలి కింది నేలను కొలిచారన్నమాట.

1963లో అధ్యక్షుడు కెనడీ శ్వేతసౌధపు గులాబీ తోటలో విప్పుల్‌కు విశిష్ట సేవా పురస్కారం అందజేశారు. ఆ వేడుకకు తమ తల్లిదండ్రులను, కుటుంబాన్ని వెంటబెట్టుకొని వెళ్ళగలగడమే తన జీవితంలోని మధుర క్షణమని ఆయన తలచేవారు. 1973లో అధిపతి పదవి నుండి విరమించారు. మూన్‌వాచ్ 1975లో ముగిసింది. తొంభై ఏళ్ళ ప్రాయం దాకా సైకిలుమీద కార్యాలయానికి వెళ్ళేవారు. తొంభయ్యవ పడి దాటిన తరువాత కూడా తోకచుక్కల అన్వేషణకై 2002లో పంపిన కాంటూర్ నౌక పరిశోధక బృందంలో సభ్యులు. 2004 ఆగస్టు 30వ తేదీన 97 ఏళ్ళ వయస్సులో కన్నుమూశారు. ఆరిజోనాలోని ఒక వేధశాల ఆయన పేరు ధరించి ఉన్నది.

విద్యార్థులకు ఒక మాట

ఉద్యమం ముగిసినా ఆ అలవాటు అంతరించలేదు. నేడు వేలకొలది ఉపగ్రహాలు మన నెత్తిమీద తిరుగుతున్నాయి. మసక వెలుతురులో సైతం పనిచేసే చిన్న కెమెరాను ముక్కాలి పీటమీద కదలకుండా నిలిపి, సరియైన కాలంతో చిత్రిస్తే, ఉపగ్రహం ఏ నక్షత్రాల మధ్యగా ఏ క్షణాన సాగిందో ఆ చిత్రమే చెబుతుంది. ఎరిగిన నక్షత్రాలే కొలబద్ద. ఇట్లు తీసిన చిత్రాలతో కక్ష్యలను గణించే ఔత్సాహికులు ఈనాడు ఎన్నో దేశాల్లో ఉన్నారు. ప్రభుత్వాలు బయటపెట్టని ఉపగ్రహాల దారులను కూడా వారు కనిపెడుతున్నారు. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, 93 నిమిషాలకొకసారి భూమిని చుట్టే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన ప్రాంతంమీదుగా కూడా వెళుతుంది. దానిని చూడడానికి దూరదర్శిని కూడా అక్కరలేదు. మిద్దెమీద చాప, సరిచేసిన గడియారం, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు.

శాస్త్రమంటే ధనవంతమైన ప్రయోగశాలలకు, పెద్ద బిరుదులకు మాత్రమే చెందినదని మనలో ఎందరో వెనుకంజ వేస్తారు. చిన్న కళాశాలల్లో, ఇంటిలో తొలిసారిగా చదువుకొంటున్న విద్యార్థులలో ఈ సంకోచం మరింత ఎక్కువ. పోలియో బారినపడిన ఒక రైతు బిడ్డ జీవితం దానికి సమాధానం. ఆయన పండితుడైన తరువాత కూడా తలుపులు మూసుకోలేదు. సామాన్యుని చేతికి గడియారమిచ్చి, నీ చూపు మాకు కావాలన్నట్లు ఆకాశంలో ఒక తునకను అప్పగించారు. ఆ సామాన్యుడు నమ్మకాన్ని నిలబెట్టుకొన్నాడు. మన కళాశాల విద్యార్థులు కూడా పదిమంది కూడి ఒక సాయంత్రం ఆకాశాన్ని పంచుకొని కాపు కాయగలిగితే, ఆ పరిశీలనలను తేదీతోను, సెకనుతోను రాసి ఉంచగలిగితే, విప్పుల్ మహాశయునికి అంతకన్న తగిన నివాళి ఉండబోదు.